మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి

హైదరాబాదు నగరమున చార్మినారు వైపునుండి వచ్చి నయాపూలు దాటగనే, మూసీనది ఉత్తరపు గట్టున, పెద్ద గుమ్మటములు, వాటి చెంత చిన్న గుమ్మటములు, నడుమ జాలీపని చేసిన గవాక్షములు గల ఒక విశాలమైన భవనము కానవచ్చును. ఊరు చూడవచ్చిన క్రొత్తవారు దానిని ఏ నవాబుగారి దేవిడీయో అనుకొందురు. కాని ఆ ఆవరణలో కనబడు జనము నవాబుల పరివారము కాదు. చేత అన్నపు టిఫినుడబ్బాయు, చంకలో చుట్టిన చాపయు పట్టుకొని, నల్లగొండనుండియు, మెదకునుండియు, మహబూబునగరునుండియు రాత్రి బస్సులలో వచ్చి దిగిన పల్లెప్రజలు వారు. వారి నోట ఆసుపత్రి అను మాట రాదు. వారికది ఉస్మానియా దవాఖానా.

ఈ దవాఖానా చరిత్రను గూర్చి మాటలాడువారు సాధారణముగ ఆ గుమ్మటములతోనే మొదలుపెట్టుదురు. భవనము అందమైనది గనుక వారిని తప్పుపట్టనక్కరలేదు. కాని ఆసుపత్రి వయస్సు ఆ భవనపు వయస్సుకంటె చాల పెద్దది. ఆసుపత్రికంటె దానిని అంటిపెట్టుకొనియున్న వైద్యవిద్యాలయము మరి ఇరువది సంవత్సరములు పెద్దది. అందుచేత మనము 1846 వ సంవత్సరమునకు పోవలసియున్నది.

అప్పుడు హైదరాబాదు సంస్థానమును నాల్గవ నిజాము నాసిరుద్దౌలా పాలించుచుండెను. ఇంగ్లీషువారి ప్రతినిధిగా జనరల్ ఫ్రేజరు కోఠీలోని రెసిడెన్సీలో ఉండెను. ఆ రెసిడెన్సీకి వైద్యుడు విలియం క్యాంబెల్ మెక్లీను. నగరమున పూర్వమునుండి యునానీ హకీములకు గొప్ప ప్రతిష్ఠ ఉండెను. దొరల మందులపై ప్రభువుకు గాని, ప్రజలకు గాని నమ్మకము లేదు. ఇట్లుండగా నిజాము ప్రభువు చాలకాలము జబ్బుపడెననియు, అది మధుమేహమనియు, హకీముల చికిత్సకు లొంగకపోగా మెక్లీనును పిలిపించిరనియు ఒక కథ వాడుకలో ఉన్నది. దొర ఇచ్చిన మందు ఒక్క చుక్కయు పుచ్చుకొననని ప్రభువు ముందే షరతు పెట్టెనట. మెక్లీను సరేయని, మందు జోలికి పోక, కేవలము పథ్యముతో ప్రభువును స్వస్థుని చేసెనట. కథలో కొంత చిలవలు పలవలు చేరియుండవచ్చును గాని, మధుమేహమునకు పథ్యమే మొదటి మందు అని ఒప్పుకొనని వైద్యుడు ఈనాడును లేడు గదా. ఏమైనను, 1846 లో హైదరాబాదు వైద్యపాఠశాల స్థాపింపబడెను. మెక్లీను దానికి అధ్యక్షుడయ్యెను.

ఇందులో గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ పాఠశాలలో శరీరశాస్త్రమును, శస్త్రచికిత్సను ఉర్దూలో బోధించిరి. ఆంగ్లము రాని పిల్లవాడును పాశ్చాత్యవైద్యము నేర్చుకొనుటకు వీలు కలిగెను. బోధనభాషనుగూర్చి మన దేశమున నేటికిని తెగని వాదమొకటి నడచుచున్నది. ఆ వాదమున హైదరాబాదు వైద్యపాఠశాల పేరు తలచువారు తక్కువ. మెక్లీను తరువాత స్వదేశమునకు పోయి, నెట్లీలోని సైనికవైద్య విద్యాలయమున ఆచార్యుడై పేరుగాంచెను.

విద్యార్థులున్నారు, వారు నేర్చుకొనుటకు రోగులు కావలెను గదా! అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా కాలమున, దివాను మొదటి సాలార్‌జంగు పాలనలో, మూసీ ఒడ్డున ఒక పెద్ద ఆసుపత్రి నిర్మింపబడి, 1866 లో పూర్తియయ్యెను. ప్రభువు పేరిట వెలసిన అఫ్జల్‌గంజులో ఉండుటచేత దానికి అఫ్జల్‌గంజు ఆసుపత్రి అను పేరు నిలిచెను. పాతబస్తీకిని, రెసిడెన్సీ బజారులకును నడుమ, వంతెన ప్రక్కన, నీటికి చేరువగ ఆ స్థలమును ఎన్నుకొనిరి. నాటికి అది మంచి ఎన్నికయే. ఆ నీరే ఒకనాడు ఏమిచేయనున్నదో అప్పుడెవరికి తెలియును?

అఫ్జల్‌గంజు ఆసుపత్రి పేరు ప్రపంచమెల్ల మారుమ్రోగిన కాలమొకటి కలదు. దానికి కారకుడు ఎడ్వర్డు లారీ. అతడు 1885 లో రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, వైద్యపాఠశాలకును అధ్యక్షుడయ్యెను. ఎడింబరోలో చదివినవాడు, ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్సు సైముకు శిష్యుడు. పట్టిన పట్టు విడువనివాడు. లావెరాను కనుగొనిన మలేరియా సూక్ష్మజీవియే లేదని బహిరంగముగ వాదించినవాడు. సికిందరాబాదులో రొనాల్డు రాసు 1897 ఆగస్టు 20 న దోమ పొట్టలో ఆ జీవిని పట్టుకొనునాటికి లారీ ఆ చుట్టుప్రక్కలనే ఉండుట చరిత్రలోని చిత్రములలో ఒకటి. అట్టి మొండితనముగల మనుష్యుడు మత్తుమందును గూర్చిన వాదమున దిగినాడు.

ఈ వాదమేమో కొంచెము వివరింతును. 1847 నవంబరులో ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును ప్రయోగించి, ప్రసవవేదనను, కత్తి బాధను మాన్పవచ్చునని లోకమునకు చూపెను. రెండు మూడు నెలలైన కాలేదు; 1848 జనవరిలో న్యూకాసిల్ సమీపమున హానా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయుటకై ఆ మందు పీల్చి, క్షణములలో చనిపోయెను. అప్పటినుండియు ప్రశ్న పుట్టినది. క్లోరోఫారము మనుష్యుని ఎట్లు చంపును? గుండెను ఆపి చంపునా? ఊపిరిని ఆపి చంపునా? లండనులో జాన్ స్నో వంటివారు, గాఢముగ పీల్చినచో గుండెయే ఆగునని చెప్పిరి. ఎడింబరోవారు ఊపిరియే ముఖ్యమనిరి. ఇది పండితుల తర్కము మాత్రము కాదు. మత్తు ఇచ్చువాడు నాడిమీద వ్రేలు ఉంచవలెనా, లేక రోగి రొమ్ము కదలికను చూచుచుండవలెనా అనునది దానిమీద ఆధారపడియున్నది. తప్పుచోట చూచినవాని ఎదుట రోగి చనిపోవును.

లారీ గురువు సైము ఊపిరి పక్షమువాడు. అఫ్జల్‌గంజు ఆసుపత్రిలో లారీ వేలకొలది రోగులకు, యంత్రములేవియు లేక, గుడ్డతో చేసిన గొట్టమునందు క్లోరోఫారము పోసి మత్తు ఇచ్చుచుండెను. నాడిని చూడవద్దు, ఊపిరిని చూడుడని శిష్యులను హెచ్చరించుచుండెను. తన అనుభవమును ఋజువు చేయుటకై 1888 లో హైదరాబాదు క్లోరోఫారము సంఘమును ఏర్పరచి, జంతువులపై ప్రయోగములు చేయించెను. గుండె ఆగుటవలన ఒక్క జంతువును చావలేదనియు, ఊపిరి ఆగిన పిమ్మటనే గుండె ఆగెననియు ప్రకటించెను. లండనులోని లాన్సెట్ పత్రిక దీనిని వెంటనే నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఏమి చేసెనో చూడుడు. లాన్సెట్‌వారు తమకు నమ్మకమైన శాస్త్రజ్ఞుని పంపి పరీక్షింపజేయవలసినదని, అందుకు 1000 పౌనుల సొమ్ము ఇత్తునని కబురుచేసెను. తన ఆసుపత్రి చేసిన పనిని ఎదిరిపక్షమువారే వచ్చి పరీక్షింపవలెనని సొమ్ము ఇచ్చి పిలుచుట ఏ కాలమునందైనను అరుదైన సంగతియే.

లాన్సెట్‌వారు లాడర్ బ్రంటను అను ప్రసిద్ధ ఔషధశాస్త్రజ్ఞుని పంపిరి. 1889 శరత్కాలమున అతడు హైదరాబాదు చేరెను. లారీ, బ్రంటను, కలకత్తానుండి వచ్చిన బోంఫర్డు, స్థానికవైద్యుడు రుస్తుంజీ, ఈ నలుగురు రెండవ సంఘము. వందలకొలది కుక్కలపైనను, కోతులు, గుఱ్ఱములు, మేకలు మొదలగువాటిపైనను వారు ప్రయోగములు చేసి, రక్తపీడనమును, శ్వాసను యంత్రములపై గీతలుగా నమోదు చేసిరి. నేటి పాఠకునకు ఆ మూగజీవుల సంఖ్య తలచుకొనినప్పుడు మనస్సు కలుక్కుమనక మానదు. బ్రంటను వచ్చునప్పుడు గుండె పక్షమునకు మొగ్గినవాడు. పోవునప్పుడు లారీ పక్షము చేరెను. ఫలితములు లాన్సెట్‌లో ప్రచురితమయ్యెను. హైదరాబాదు పేరు లండనులోని వైద్యసభలన్నిటను వినబడెను.

ఇంత చేసినను, సంఘమువారి తీర్పు తప్పు. 1893 లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనువారు వేరువిధమైన ప్రయోగములతో గుండెపైనను క్లోరోఫారము నేరుగ పనిచేయునని చూపిరి. 1911 లో గుడ్‌మన్ లెవీ అసలు గుట్టు బయటపెట్టెను. క్లోరోఫారము గాఢముగ ఎక్కినప్పుడు కాదు, తేలికగ ఎక్కినప్పుడే ప్రమాదము హెచ్చు. రోగి భయపడినప్పుడు శరీరమున ఊరు అడ్రినలిను అను రసము ఆ స్థితిలో గుండెను తాకినచో, గుండె లయ తప్పి గిలగిల కొట్టుకొని ఆగిపోవును. పాపము, హానా గ్రీనరు గోరు తీయించుకొనుటకు భయముతో వణకుచు కూర్చుండిన బాలిక! హైదరాబాదు కుక్కలు గాఢనిద్రలో చచ్చెను గనుక ఈ రహస్యమును బయటపెట్టలేదు.

అయినను ఆ సంఘము శ్రమ వ్యర్థమని నేను అనను. మత్తు ఇచ్చువాడు ఊపిరినుండి కన్ను త్రిప్పరాదను నియమము వైద్యలోకమున గట్టిగ నాటుకొనుటకు హైదరాబాదు చర్చ ఎంతో తోడ్పడినది. గుండెను విడిచిపెట్టుమనుట తప్పు. ఊపిరిని కనిపెట్టుమనుట ఒప్పు. నేటి శస్త్రచికిత్సాగృహములలో ఈ రెంటిని యంత్రములు ఏకకాలమున చూచుచున్నవి.

లారీ చేసిన మరియొక మేలును తలపకపోయినచో అన్యాయమగును. 1885 లో అతడు వైద్యపాఠశాల తలుపులను స్త్రీలకు తెరిచెను. చేరిన మొదటి అయిదుగురిలో రూపాబాయి ఫర్దూంజీ అను పారసీ యువతి ఒకతె. 1889 లో ఆమె చదువు ముగించి, మత్తుమందు ఇచ్చు విద్యలో నిపుణురాలై, హైదరాబాదు ఆసుపత్రులలో పనిచేసెను. ప్రపంచమునందు ఈ వృత్తిని అవలంబించిన మొట్టమొదటి స్త్రీ ఆమెయేయని వైద్యచరిత్రకారులు పలువురు చెప్పుదురు. 1909 లో ఎడింబరోకు పోయి పైచదువు చదివి మరల తిరిగివచ్చెను. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పురుషవైద్యుని ఎదుటికి వచ్చుటకంటె చావే మేలనుకొను ఆ రోజులలో, కత్తిచికిత్సకు ముందు తలాపున నిలిచి ధైర్యము చెప్పి మత్తు ఇచ్చునది మరియొక స్త్రీయే అగుట ఎంత ఊరటయో, ఇంటిలోని పెద్దతరము ఆడవారిని అడిగినచో చెప్పగలరు.

ఇక 1908 వ సంవత్సరము. హైదరాబాదు వృద్ధులు చిరకాలము దానిని 'తుగ్యానీ' అని మాత్రమే అనుచుండిరి. తుగ్యానీ యనగా వరద. సెప్టెంబరు కడపటి దినములలో మూసీ పరీవాహకప్రదేశమెల్ల కుండపోతగ వాన కురిసెను. ఎగువను వందలకొలది చెరువులుండెను. ఒక చెరువు తెగి దిగువ చెరువుపై పడుటయు, అది తెగి మరియొకదానిపై పడుటయు. ఇట్లు రెండువందలకు పైగా చెరువులు తెగెను. 28 వ తేదీన ఆ నీరంతయు ఒక్కసారిగ నగరముపై పడెను. అఫ్జల్ వంతెన కొట్టుకొనిపోయెను. ఒడ్డునున్న పేటలు పేటలుగా మాయమయ్యెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురును కన్నులయెదుటనే కోల్పోయి, తానొక్కడు బ్రదికి బయటపడెను.

నదిని ఆనుకొనియున్న అఫ్జల్‌గంజు ఆసుపత్రి ఆ ప్రవాహమునకు ఎదురొడ్డి నిలువలేకపోయెను. ఆసుపత్రి ప్రక్కనే అఫ్జల్ పార్కు అను తోట ఉండెను. ఆ తోటలో ఒక చింతచెట్టు. నీరు పెరుగుచున్నకొలది పరుగెత్తుటకు దారి లేక జనులు ఆ చెట్టు ఎక్కిరి. కొమ్మకొమ్మకు మనుష్యులు. ఒకరినొకరు పట్టుకొని, పసిపిల్లలను పైకొమ్మల వారికి అందించుకొనుచు, క్రింద గృహోపకరణములు, పశువులు, శవములు కొట్టుకొనిపోవుచుండగా చూచుచు వారు చెట్టుపై గడపిరి. సుమారు 150 మంది ప్రాణములను ఆ చెట్టు కాపాడెను. చింతచెట్టు క్రింద పండుకొనరాదని మన పల్లెలలో పెద్దలు చెప్పుదురు. కొమ్మలమీద కాలము గడపిన ఈ నూటయేబది మంది ఆ మాటను ఎట్లు తీసికొనియుందురో! ఆ చెట్టు నేటికిని ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఏటేట సెప్టెంబరు 28 న కొందరు పౌరులు దాని నీడన చేరి నాటి మృతులను స్మరింతురు.

వరద అనంతరము నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించెను. 1909 లో ఆయన నదిని, చెరువులను పరిశీలించి, నగరమునకు ఎగువను రెండు పెద్ద జలాశయములు కట్టినగాని రక్షణలేదని తేల్చెను. మూసీపై ఉస్మానుసాగరము 1920 లోను, ఈసీపై హిమాయతుసాగరము 1927 లోను పూర్తియయ్యెను. జంటనగరములకు చాలకాలము దాహము తీర్చిన ఈ రెండు చెరువులకును జన్మకారణము ఆ వరదయే. నదికి ఇరువైపుల రాతికట్టలు లేచెను. ఆ కట్టలమీద నగరమునకు క్రొత్తముఖము దిద్దవలెనని 1911 లో గద్దెనెక్కిన ఏడవ నిజాము ఉస్మాను అలీఖాను సంకల్పించెను.

ఆ పనికై కలకత్తానుండి వచ్చినవాడు విన్సెంట్ జెరోం ఎష్ అను ఆంగ్లశిల్పి. కాచిగూడ రైలుస్టేషను అతని రచనయే. మూసీ దక్షిణపుటొడ్డున ఎఱ్ఱరాతి హైకోర్టు, ఉత్తరపుటొడ్డున దాదాపు దానికి ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి, ఈ రెండును అతడు గీసిన నమూనాలే. 1920 ప్రాంతమున, సుమారు 26 ఎకరముల ఆవరణలో, క్రొత్త ఆసుపత్రి తలయెత్తి, ప్రభువు పేరు ధరించెను. గచ్చుతో తీర్చిన గుమ్మటములు, ఎత్తైన కప్పులు, గాలి ఈ కొననుండి ఆ కొనకు వీచునట్లు ఎదురెదురు కిటికీలు, నడుమ నడుమ ఆకాశము కనబడు ప్రాంగణములు. విద్యుత్ పంకాలు లేని కాలమున, వందలమంది రోగులు పండుకొనియున్న వార్డులో గాలి నిలువరాదను ఆలోచన ఆ కట్టడములో ప్రతిమూలను కానవచ్చును. అలంకారము కొరకే అట్లు కట్టినారనుట సరికాదు.

భవనము ఎదుగుచుండగనే పాఠశాలయు ఎదిగెను. నడుమ కొంతకాలము ఆంగ్లము ప్రవేశించిన ఆ పాఠశాల 1920 లో ఉస్మానియా వైద్యకళాశాలయై, అంతకు రెండేండ్లముందు నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయములో చేరి, తిరిగి ఉర్దూబాట పట్టెను. శరీరనిర్మాణ గ్రంథములు మొదలు మందుల గ్రంథములవరకు ఉర్దూలోనికి అనువదింపబడెను. 1948 లో సంస్థానము భారతదేశమున విలీనమైన పిదప మాధ్యమము ఆంగ్లమునకు మారెను. తెలుగుపిల్లలు, మరాఠీపిల్లలు, కన్నడపిల్లలు ఉర్దూలో వైద్యము చదివి, తెలుగు రోగితో తెలుగులో మాటలాడి, చీటీ మాత్రము ఆంగ్లములో వ్రాసిన కాలమది. కళాశాల నేడు కోఠీలో ఉన్నది. ఆసుపత్రికిని దానికిని నడుమ నడచిపోదగినంత దూరమే.

నగరము పెరిగినకొలది ఒక్క ఆసుపత్రి చాలదయ్యెను. పసిపిల్లలకును, బాలింతలకును నీలోఫరు, కంటికి సరోజినీదేవి, చెవి, ముక్కు, గొంతులకు కోఠీలోని ఆసుపత్రి, అంటువ్యాధులకు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రి, క్షయకును, మానసికరోగములకును ఎఱ్ఱగడ్డ, పురిటికి పేట్లబురుజు, రాచపుండుకు మెహదీ నవాజ్‌జంగు పేరిట వెలసినది. ఇవన్నియు ఉస్మానియా వైద్యకళాశాల విద్యార్థులు పనినేర్చుకొను స్థలములే. తెలంగాణమున ఏ ఊరిలోనైన ఒక ముదుసలి వైద్యుని, మీరెక్కడ నేర్చినారని అడిగినచో, ఈ పేర్లలో రెండుమూడైన వినబడును.

బోధనాసుపత్రి యన్నది మామూలు ఆసుపత్రివంటిది కాదు. ఇచ్చట రోగి మంచము ప్రక్కననే తరగతి జరుగును. ఉదయమున ఆచార్యుడు వచ్చును. ఆయనవెనుక సహాయాచార్యులు, హౌస్‌సర్జనులు, విద్యార్థులు. ఒక మంచమువద్ద ఆగి, ఈమె పొట్టను తాకి ఏమి తెలిసినదో చెప్పుమని ఒక విద్యార్థిని అడుగును. ఆ కుఱ్ఱవాడు తడబడును. మంచముపై పండుకొనియున్న పల్లెటూరి తల్లి వాని ముఖము చూచి, తన నొప్పి మరచి, "మెల్లగ చూడు బిడ్డా, నాకేమి తొందర లేదు" అనిన సందర్భములు ఆ వార్డులలో పనిచేసినవారు పలువురు చెప్పుదురు. వైద్యుడు తయారగుటకు తన శరీరమును పాఠ్యపుస్తకముగ అప్పగించు ఈ బీదజనుల ఋణము లెక్కలలోనికి ఎక్కదు. పట్టా పుచ్చుకొని పట్టణములలో పెద్ద చికిత్సాలయములు కట్టినవారును, సముద్రములు దాటినవారును, మొదటి కుట్టు వేసినది ఇట్టి ఒకరి చర్మముమీదనే.

వేయికి పైగా మంచములుగల ఈ ఆసుపత్రికి రాత్రియు పగలును భేదము లేదు. రహదారిమీద లారీ క్రింద పడినవాడు, కాలిన గాయములతో వచ్చిన కోడలు, పాము కరచిన రైతు, పురుగులమందు త్రాగినవాడు. వీరినెవ్వరిని, సొమ్మున్నదా యని అడిగి వాకిట నిలిపివేయుట ఇచ్చటి పద్ధతి కాదు. మంచము లేనిచో నేలమీదనైన చాప పరచుదురు. దీనిని లోపమని పత్రికలవారు ఛాయాచిత్రము తీసి వేయుదురు, లోపమే. కాని మంచము లేదని త్రిప్పిపంపు చోట్లనుండి కడపటికి రోగి చేరునది ఇచ్చటికేయని ఆ చిత్రము చెప్పదు. మూత్రపిండముల మార్పిడి, కాలేయపు మార్పిడి వంటి, బయట లక్షలు వ్యయమగు చికిత్సలును ఈ సర్కారు ఆసుపత్రిలో బీదవారికి ఉచితముగ జరిగినవి. రోగితోకూడ వచ్చి, ఆవరణలో చెట్లక్రిందనే రోజులు గడపు బంధువులకు అయిదు రూపాయలకు భోజనము పెట్టు ఏర్పాటు 2022 లో మొదలైనది.

ఇక భవనము సంగతి. నూరేండ్లు నడచిన ఇంటికి నూరేండ్లపాటు మరమ్మతు కావలెను. అది సరిగ జరుగలేదు. కప్పుమీద రావిమొలకలు లేచినవి, పెచ్చులూడినవి, గచ్చు తడిసినది. 2015 లో ప్రభుత్వము ఈ కట్టడమును పడగొట్టి క్రొత్తది కట్టవలెనని తలపెట్టగా, నగరమున పెద్ద అలజడి పుట్టెను. వారసత్వ కట్టడముల రక్షణను కోరువారు, దీనిని బాగుచేసి వాడుకొనవచ్చుననిరి. కప్పు ఎప్పుడు తలపై పడునోయని పనిచేయుచున్న వైద్యులలోను, నర్సులలోను పలువురు క్రొత్తభవనమే కావలెననిరి. ఇరుపక్షములవారి మాటలోను న్యాయము కలదు. గుమ్మటమును చూచి మురియువాడు సాయంకాలమునకు ఇంటికి పోవును. దానిక్రింద రాత్రి పండుకొనువాడు వేరు. అట్లని, పడగొట్టినది మరల రాదను మాటయు అబద్ధము కాదు.

ఈ వాదము నడచుచుండగనే 2020 జూలైలో భారీవర్షము కురిసి, మురుగునీరు క్రిందిఅంతస్తు వార్డులలోనికి వచ్చెను. మోకాలిలోతు నీటిలో మంచములు, ఆ మంచములపై రోగులు. అది కోవిడు మహమ్మారి ప్రబలియున్న సమయము. నీరు మూసీనది గట్టు దాటి రాలేదు. నగరపు కాలువలే వెనుకకు తన్నెను. రోగులను ఆవరణలోని ఇతర భవనములకు మార్చి, పాతభవనమును ఖాళీచేయించి తాళములు వేసిరి. వ్యాజ్యములు హైకోర్టుకు చేరెను. అనగా, ఎష్ గీసిన ఒక భవనము బ్రదుకవలెనా వలదా యను ప్రశ్న, నదికి ఆవలియొడ్డున అదే ఎష్ గీసిన మరియొక భవనములో విచారణకు వచ్చెను.

తుదకు ప్రభుత్వము మార్గము మార్చినది. నదినుండి దూరముగ, గోషామహలు పోలీసుమైదానమున 2000 మంచముల క్రొత్త ఉస్మానియా ఆసుపత్రికి 2025 జనవరి 31 న శంకుస్థాపన జరిగినది. మైదానము పోవునని అచ్చటివారు ఆక్షేపించిరి. వారి బాధయు అర్థము చేసికొనదగినదే. ఇరుకుపేటలలో పిల్లలు ఆడుకొనుటకు అంత ఖాళీజాగా మరియొకటి ఎక్కడిది?

తాళము పడిన గుమ్మటములక్రింద ఇప్పుడు పావురములే కాపురమున్నవి. కాని ఆ ఆవరణలోనికి జనము రాక ఆగలేదు. తెల్లవారకముందే చీటీల కిటికీవద్ద వరుస కట్టుదురు. మధ్యాహ్నమునకు పరీక్షల కాగితములు చేతబట్టుకొని, చదువురానివారు చదువువచ్చినవారిని అడుగుచు, నీడ వెదకుకొనుచు చింతచెట్టు వైపు నడతురు. అది ఏ చెట్టో వారిలో చాలమందికి తెలియదు. నీడ చల్లగ నున్నది గనుక టిఫినుడబ్బా మూత తీసి అచ్చటనే కూర్చుందురు.